మంచు కొరకని కోడిజుట్టు

క్విబెక్ చలి మొదట పట్టుకునేది పుంజు తలనే. ఒళ్ళంతా ఈకలున్నా నెత్తిన ఎర్రగా నిలబడే జుట్టుకీ గొంతు కింద వేలాడే తమ్మెలకీ ఏ కప్పూ ఉండదు. జనవరి రాత్రి సున్నాకు 20 డిగ్రీల దిగువకు పోయిందంటే లెగ్‌హార్న్ పుంజు జుట్టు కొనలు ముందు పాలిపోతాయి. ఆ తర్వాత వాచి ఊదారంగుకు తిరుగుతాయి, చివరికి నల్లబడి ఎండి రాలిపోతాయి. నీళ్ళు తాగినప్పుడల్లా తడిసే తమ్మెల గతి ఇంకా అన్యాయం. ఆ నొప్పితో మేత మానేసిన పుంజు పెట్టల జోలికి పోదు, పోయినా కొన్ని వారాలపాటు గుడ్లలో పిల్ల కట్టడం తగ్గిపోతుంది. పెట్టల సంగతీ అంతంతే. పొద్దు కురచై చలి ముదిరేసరికి గుడ్లు ఆపేస్తాయి. గుడ్డుకు మంచి ధర పలికేదీ సరిగ్గా ఆ నెలల్లోనే.

20వ శతాబ్దం మొదట్లో కెనడా రైతుల పెరళ్ళలో ఉన్న జాతి కోళ్ళన్నీ బయటినుంచి వచ్చినవే. లెగ్‌హార్న్ ఇటలీది, కార్నిష్ ఇంగ్లండుది. ప్లిమత్ రాక్, వయాండాట్, రోడ్ ఐలండ్ రెడ్ మూడూ పక్కనున్న అమెరికావి. గుడ్లు దండిగా పెట్టేదానికి కండ ఉండదు, కండ ఉన్నదానికి గుడ్లుండవు, రెండూ ఓ మాదిరిగా ఉన్నదాని జుట్టు చలికి ఆగదు. ఈ లోటును గుర్తించి, పదేళ్ళు కూర్చుని దానికి సరిపడే కోడిని తయారుచేసింది ఒక క్రైస్తవ సన్యాసి. ఆయన పేరు బ్రదర్ విల్‌ఫ్రిడ్ షాత్లాన్. ఆ కోడి పేరు షాంతెక్లేర్. కెనడాలో తయారైన మొట్టమొదటి జాతి కోడి ఇదే. మన గోదావరి జిల్లాల్లో కోళ్ళు పెంచేవాళ్ళు ఈ కథ తెలుసుకోవాలని నా కోరిక. ఎందుకంటే ఆ కోడి నెత్తిన ఉన్న జుట్టులో సగం వాటా మన అసీల్ పందెంకోడిది.

మాంట్రియల్‌కు పడమట, ఒట్టావా నది వెడల్పై సరస్సుగా మారే చోట ఓకా అనే ఊరుంది. 1881లో ఫ్రాన్స్ నుంచి వచ్చిన ట్రాపిస్ట్ సన్యాసులు అక్కడ మఠం కట్టుకున్నారు. ప్రార్థన, మౌనం, ఒళ్ళు వంచి పని, ఇవి వాళ్ళ నియమాలు. తిండి తమ చేతులతోనే సంపాదించుకోవాలి. 1893 నుంచి వాళ్ళు చేసిన ఓకా చీజ్ ఇవాళ్టికీ కెనడా అంతటా దొరుకుతుంది. మఠం నడిపిన వ్యవసాయ పాఠశాల 1908లో లవాల్ విశ్వవిద్యాలయానికి అనుబంధమై, పట్టాలిచ్చే స్థాయికి ఎదిగింది. అక్కడ కోళ్ళ పని బ్రదర్ విల్‌ఫ్రిడ్‌ది. 1907లో తండ్రి చూడవస్తే, ఆయన్ను వెంటబెట్టుకుని కోళ్ళ దొడ్లన్నీ తిప్పి చూపించారట. ఒక్కో దొడ్డిముందూ ఆగి ఇది ఫలానా దేశపుది, ఇది ఫలానా రాష్ట్రపుది అని చెప్పుకుంటూ పోతుంటే, కెనడాది అని చెప్పడానికి ఒక్కటీ లేదని ఆయనకే తట్టిందని చెబుతారు. మరుసటేడు వసంతంలో పని మొదలైంది.

ఆ కాలంలో కొత్త జాతి తయారుచేయాలన్న ఊహ రావడం వింతేమీ కాదు. ఇంగ్లండులోనూ అమెరికాలోనూ 19వ శతాబ్దం నడుమనుంచే జాతి కోళ్ళ ప్రదర్శనలు ఊరూరా జరుగుతూ వచ్చాయి. 1873లో అమెరికన్ పౌల్ట్రీ అసోసియేషన్ పుట్టింది. మరుసటేడే ఒక్కో జాతికీ రూపం, రంగు, జుట్టు, కాళ్ళు, బరువు ఎలా ఉండాలో వివరించే గ్రంథం అచ్చువేసింది. 'స్టాండర్డ్ ఆఫ్ పర్‌ఫెక్షన్' అనే పేరుతో అది ఈనాటికీ కొత్త కూర్పులు పొందుతూ ఉంది. కెనడా ప్రదర్శనల్లో న్యాయనిర్ణేతలు చేతబట్టేదీ దాన్నే. ఆ పుస్తకంలోకి ఎక్కితేనే జాతి, ఎక్కకపోతే అది ఒక రైతు పెరటి కోడి మాత్రమే. నా దృష్టిలో ఆ పుస్తకం అసలు విలువ బహుమతుల్లో లేదు. ఒక కోడి ఎందుకోసం తయారైందో, దాన్ని చేసినవాడు పోయాక కూడా తర్వాతివాళ్ళకు అప్పగించే దస్తావేజు అది.

బ్రదర్ విల్‌ఫ్రిడ్ 1908లో రెండు జతలు కట్టించారు. ఒక దొడ్డిలో ముదురురంగు కార్నిష్ పుంజు, తెల్ల లెగ్‌హార్న్ పెట్ట. ఇంకోదాంట్లో రోడ్ ఐలండ్ రెడ్ పుంజు, తెల్ల వయాండాట్ పెట్ట. మరుసటేడు ఆ రెండు జతల పిల్లల్లో ఏరినవాటిని ఒకదానితో ఒకటి కలిపారు. ఆపైన వచ్చిన సంతానానికి తెల్ల ప్లిమత్ రాక్ పుంజును తెచ్చి పెట్టారు. ఐదు జాతులు, ఒక్కొక్కదాని దగ్గర ఒక్కో గుణం. లెగ్‌హార్న్ నుంచి గుడ్లు, రోడ్ ఐలండ్ రెడ్ నుంచి గట్టి ప్రాణం, వయాండాట్ నుంచి దట్టమైన ఈకలూ గుండ్రటి ఒళ్ళూ, ప్లిమత్ రాక్ నుంచి ఎముక పుష్టి, కార్నిష్ నుంచి రొమ్ముకండ. ఈ లెక్కలో జుట్టు సంగతి వేరుగా చెప్పుకోవాలి.

ఆ సంగతికి ముందు, కార్నిష్ ఎవరి బిడ్డ? ఇంగ్లండు నైరుతి కొసన ఉన్న కార్న్‌వాల్‌లో తయారైన కోడి అది. అక్కడివాళ్ళు దాన్ని ఇప్పటికీ ఇండియన్ గేమ్ అనే పిలుస్తారు. బోడ్మిన్ ఊరివాడైన సర్ వాల్టర్ రాలీ గిల్బర్ట్ ఈస్టిండియా కంపెనీ బెంగాల్ సైన్యంలో జనరల్‌గా పనిచేశాడు. 19వ శతాబ్దం మొదటి సగంలో అసీల్ కోళ్ళను ఇంటికి తీసుకెళ్ళి అక్కడి పందెంకోళ్ళతో కలిపించాడని కార్నిష్ పుట్టుక గురించి చెప్పుకుంటారు. తర్వాత మలయ్ కోడి రక్తమూ అందులో చేరింది. పందేనికి అది పనికిరాలేదు. బరువెక్కువ, చురుకు తక్కువ. కానీ ఆ రొమ్ముమీద పట్టిన కండ మరే కోడికీ లేదు. ఇవాళ హైదరాబాదులో మనం కొనే బ్రాయిలర్ కోడికి కూడా మూలపురుషుల్లో కార్నిష్ ఒకటి. గిల్బర్ట్ కొలువు బెంగాల్ సైన్యంలో కనుక ఆ పుంజులు ఉత్తరాదివై ఉంటాయి. భీమవరం నుంచి వెళ్ళాయని నేననను. అయితే అసీల్ అన్నది దేశమంతటా పాకిన ఒకే కుదురు. దాని సొంతగడ్డల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, ఛత్తీస్‌గఢ్, ఒడిశా ముఖ్యమైనవి.

అసీల్ పుంజు తలను దగ్గరగా చూడండి. నిలువెత్తు ఎర్రజుట్టు ఉండదు. కపాలానికి అంటుకుపోయినట్టు మూడు వరుసల చిన్న గుబ్బలు మాత్రం ఉంటాయి, నడిమి వరుస కాస్త ఎత్తు. తమ్మెలు ఉన్నాయో లేదో అన్నంత కురచ. ఎదుటి పుంజు ముక్కుతో పట్టుకోవడానికి పట్టు చిక్కకూడదు, చీలితే రక్తం కళ్ళలోకి కారకూడదు. యూరప్‌లో పందెంకోళ్ళ జుట్టు కత్తిరించేసేవాళ్ళు. మన పెంపకందార్లు తరాల తరబడి ఏరి ఏరి పుట్టుకతోనే జుట్టు లేని కోడిని సాధించుకున్నారు. ప్రదర్శనల భాషలో ఈ గుబ్బల వరుసల్ని బఠాణీ జుట్టు అంటారు. కార్నిష్‌కు వచ్చింది ఈ జుట్టే. బరిలో పోరుకోసం ఏరుకున్న గుణం ఓకాలో చలికి మందైంది.

వయాండాట్‌ది ఇంకోరకం. నెత్తిమీద వెడల్పుగా పరుచుకుని, పైన గరుకుగా ఉండే జుట్టు. దాన్ని గులాబీ జుట్టు అంటారు. బఠాణీ గుణం, గులాబీ గుణం రెండూ ఒకే కోడికి సంక్రమిస్తే రెండింటినీ పోలని మూడోది, అక్రోటు జుట్టు, పుడుతుంది. ఈ సంగతిని తేల్చింది కేంబ్రిడ్జిలో విలియం బేట్సన్, రెజినాల్డ్ పన్నెట్. అదీ 20వ శతాబ్దం మొదటి దశాబ్దంలోనే. మెండెల్ బఠాణీ మొక్కల మీద కనిపెట్టిన సూత్రాలు జంతువులకూ వర్తిస్తాయని బేట్సన్ చూపించినదీ కోళ్ళ జుట్ల ఆధారంగానే. రెండు జన్యువులు కలిసి కొత్త రూపాన్ని ఇవ్వడానికి ఈనాటికీ పాఠ్యపుస్తకాల్లో ఇచ్చే ఉదాహరణ ఇదే.

ఓకా దొడ్లలో ఆ రెండు గుణాలు కలిసే అవకాశం 1909 జతలతో వచ్చింది. కార్నిష్ వైపు పిల్లలు బఠాణీ గుణం మోస్తున్నాయి, వయాండాట్ వైపువి గులాబీ గుణం. కలిపితే కొన్ని పిల్లలకు రెండూ దక్కుతాయి. కానీ తర్వాత కలిపిన ప్లిమత్ రాక్‌ది మామూలు నిలువు జుట్టు. ఒక్కో గుణానికి ఒక్కో నకలు మాత్రమే ఉన్న పెట్టను ఆ పుంజుతో జతకడితే నాలుగు పిల్లల్లో ఒక్కదానికే రెండూ అందుతాయి. మిగతావన్నీ ఎంత బలంగా ఉన్నా పక్కనపెట్టాలి. ఒళ్ళు పెంచుకోవడానికి ప్లిమత్ రాక్ కావాలి, ప్లిమత్ రాక్ వస్తే జుట్టు చెదిరిపోతుంది. ఆ పనికి పదేళ్ళు ఎందుకు పట్టాయో ఈ ఒక్క చిక్కు చెబుతుంది.

తెలుపుదీ అదే తంటా. లెగ్‌హార్న్ తెలుపు మిగతా రంగుల్ని అణిచేస్తుంది, ఒక నకలున్నా చాలు. వయాండాట్, ప్లిమత్ రాక్‌ల తెలుపు అలా కాదు, తల్లినుంచీ తండ్రినుంచీ రెండు నకళ్ళూ వస్తేనే బయటపడుతుంది. పైకి ఒకేలా కనిపించే రెండు తెలుపులు, కార్నిష్ నలుపు, రోడ్ ఐలండ్ రెడ్ ఎరుపు అన్నీ ఒకే గూట్లో కలిశాయంటే తొలి ఏళ్ళలో పొదిగిన పిల్లల్లో ఎన్ని రంగులు వచ్చి ఉంటాయో ఊహించుకోవచ్చు. వాటిలోంచి తెల్లవి, చిన్నజుట్టువి, పసుపుకాళ్ళవి, శీతకాలంలో గుడ్డు ఆపనివి మాత్రమే ఉంచుకుంటూ పోవాలి. ఏ గుణానికి ఆ గుణం ఏరడం తేలికే. నాలుగైదింటిని ఒకే పక్షిలో నిలబెట్టి, దాని పిల్లలూ ఆ పిల్లల పిల్లలూ అచ్చం అలాగే వచ్చేదాకా ఆగడానికి మాత్రం ఓర్పు కావాలి. ఆ ఓర్పు మఠంలో దొరికింది.

షాంతెక్లేర్ 1918లో జనం ముందుకు వచ్చింది. ఫ్రెంచివాళ్ళ పాతకథల్లో పుంజు పేరు అది. ఎడ్మఁ రోస్తాఁ ఆ పేరుతోనే రాసిన నాటకం 1910లో పారిస్‌లో ఆడింది కూడా. 1921లో తెల్ల షాంతెక్లేర్ అమెరికన్ పౌల్ట్రీ అసోసియేషన్ ప్రమాణాల్లోకి ఎక్కింది. పుంజు దాదాపు 4 కిలోలు, పెట్ట 3 కిలోలు తూగుతాయి. ఒంటినంటి దట్టంగా ఈకలు, వాటి అడుగున మందంగా నూగు, పసుపు చర్మం, గోధుమరంగు గుడ్లు. నెత్తిన ఉన్నది చూస్తే జుట్టంటారా అనిపిస్తుంది. ముక్కు పైన నుదుటి మీద చిన్న ఎర్రటి దిండు, అంతే. తమ్మెలు చూపుకు ఆనవు. వేడి పెట్టని కొట్టంలో చలికాలమంతా గుడ్డుపెట్టే పెట్ట రైతుకు చిక్కింది.

మరుసటేడు, 1922లో, టొరంటోలో రాయల్ వ్యవసాయ శీతకాల సంత మొదలైంది. ఇప్పటికీ ఏటా నవంబరులో జరుగుతుంది, కోళ్ళ పోటీలూ అందులో భాగంగా జరుగుతూ వచ్చాయి. ఇలాంటి పోటీల్లో న్యాయనిర్ణేత పంజరంలోంచి కోడిని తీసే తీరు చూడదగ్గది. అరచెయ్యి రొమ్ముకింద పెట్టి, కాళ్ళు వేళ్ళమధ్య బిగించి, తల తనవైపుకు తిప్పుకుంటాడు. రొమ్ము ఎముక వంకరపోయిందేమో వేలితో తడుముతాడు. ఒక రెక్కను విసనకర్ర తెరిచినట్టు విప్పి, ఈకలు వరుస తప్పాయేమో చూస్తాడు. వీపుమీద ఈకల్ని ఎదురు నిమిరి, అడుగున రంగు ఎలా ఉందో చూస్తాడు. తెల్లకోడికి పెద్ద శత్రువు ఎండ. వీపు, మెడ ఈకలు ఎండకు ఇత్తడిరంగుకు తిరుగుతాయి, మార్కులు పోతాయి. అందుకని పోటీకి పెట్టదలచిన తెల్లకోళ్ళను పెంపకందార్లు వేసవంతా నీడపట్టునే ఉంచుతారు. పోటీ రెండుమూడు రోజులుందనగా గోరువెచ్చని నీళ్ళలో సబ్బుతో కడిగి, ఈకలు చిక్కులు పడకుండా ఆరబెడతారు. చూసేవాళ్ళకు ఇదంతా సింగారంలా కనిపించవచ్చు. న్యాయనిర్ణేతల మాట మాత్రం వేరు. రూపం జాతిని చెబుతుంది, రంగు ఆ జాతిలో ఏ రకమో చెబుతుంది. ముందు చూసేది రూపాన్నే.

తెలుపు అందరికీ నచ్చలేదు. పడమటి మైదానాల్లో కోళ్ళు బయట తిరిగి మేస్తాయి, తెల్లకోడి డేగ కంట్లో ఇట్టే పడుతుంది. అల్బర్టాలో డాక్టర్ జె. ఇ. విల్కిన్‌సన్ వేరే జాతుల్ని కలిపి, గోధుమరంగు చారల కోడిని తయారుచేశాడు. కౌజుపిట్ట వన్నెల వయాండాట్, అదే వన్నె కొచ్చిన్, ముదురు కార్నిష్, గులాబీ జుట్టు గోధుమ లెగ్‌హార్న్ అందులో ఉన్నాయి. తన కోడికి ఆల్బర్టన్ అని పేరు పెట్టాలన్నది ఆయన కోరిక. అమెరికన్ పౌల్ట్రీ అసోసియేషన్ ఒప్పుకోలేదు. 1935లో దాన్ని షాంతెక్లేర్‌లోనే ఇంకో రకంగా చేర్చేసింది. రక్తం వేరు, ఊరు వేరు, రూపం ఒకటి. నన్నడిగితే విల్కిన్‌సన్‌కు అన్యాయమే జరిగింది. ఓకా కోడికీ ఆయన కోడికీ ఉన్న చుట్టరికం కార్నిష్, లెగ్‌హార్న్, వయాండాట్‌ల దాకానే. ఆయన పడ్డ శ్రమ ఆయన పెట్టిన పేరుతోనే నిలవవలసింది.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత కోళ్ళ పెంపకం మారిపోయింది. షెడ్డులో కరెంటు దీపాలు వచ్చాయి, వేడి వచ్చింది. గుడ్లకొక సంకరం, మాంసానికొక సంకరం కంపెనీలే తయారుచేసి పిల్లల్ని అమ్మడం మొదలుపెట్టాయి. చలికాలంలో కృత్రిమంగా పొద్దు పొడిగిస్తే ఏ పెట్టయినా గుడ్డుపెడుతుంది. జుట్టుకు చలి తగలదు. దేనికోసమైతే షాంతెక్లేర్ పుట్టిందో ఆ అవసరం షెడ్డులోపల లేకుండా పోయింది. 1962లో ఓకా వ్యవసాయ సంస్థ కూడా మూతపడింది. 1979లో సస్కాచెవాన్ విశ్వవిద్యాలయంలో ఉన్న చివరి పుంజు చచ్చిపోవడంతో ఆ జాతే అంతరించిందని అనుకున్నారు.

అంతరించలేదు. పెద్ద సంస్థల లెక్కల్లోకి రాని చిన్న కమతాల్లో, ప్రదర్శనలకోసం పెంచేవాళ్ళ దొడ్లలో అది బతికే ఉంది. ఆ మిగిలినవాటిని వెతికిపట్టి, పుస్తకంలోని వర్ణనతో సరిచూసుకుంటూ పెంపకందార్లు మళ్ళీ మందలు కట్టారు. ఆ వర్ణన రాసిపెట్టి ఉండకపోతే ఏది షాంతెక్లేరో, ఏది ఉత్త తెల్లకోడో తేల్చేదెలా? 1999లో క్విబెక్ శాసనసభ మూడు జంతుజాతుల్ని తమ వ్యవసాయ వారసత్వంగా గుర్తిస్తూ చట్టం చేసింది. కెనడియన్ గుర్రం, కెనడియన్ ఆవు, షాంతెక్లేర్ కోడి. గుర్రం, ఆవు 17వ శతాబ్దంలో ఫ్రాన్స్ నుంచి ఓడలెక్కి వచ్చిన పశువుల వంశం. ఆ పక్కన నిలిచిన కోడి వయసు అప్పటికి వందేళ్ళు కూడా లేదు.

ఆ జుట్టు లోగుట్టు ఇంకా తర్వాత బయటపడింది. 2009లో స్వీడన్ నాయకత్వంలోని పరిశోధకులు బఠాణీ జుట్టుకు కారణం పట్టుకున్నారు. సాక్స్5 అనే జన్యువు లోపల ఒక డీఎన్‌ఏ ముక్క పదేపదే నకలై పేరుకుపోవడమే దానికి మూలం. చలిదేశాల్లో ఒంటివేడి పోకుండా, మంచుకు కణజాలం చావకుండా ఈ గుణం కాపాడుతుందని వాళ్ళే రాశారు. 2012లో గులాబీ జుట్టు సంగతీ తేలింది. ఏడో క్రోమోజోములో ఒక పెద్ద ముక్క తిరగబడి అతుక్కోవడం దానికి కారణం. దానితో ఒక చిక్కూ ఉంది. ఆ మార్పు రెండు నకళ్ళూ ఉన్న పుంజుల వీర్యకణాల్లో చురుకు తక్కువ. వయాండాట్ పెంచేవాళ్ళు దీన్ని తరాలుగా అనుభవంతో ఎరుగుదురు. గుడ్లు సరిగా పిల్ల కట్టకపోతే, పోటీకి పనికిరాని నిలువుజుట్టు కోడిని దొడ్లోకి తెచ్చుకుని జతకట్టిస్తారు.

2021 డిసెంబరులో న్యూఫౌండ్‌లాండ్‌లో ప్రదర్శన పక్షులు పెంచే ఒక చిన్న ఫారంలో బర్డ్ ఫ్లూ బయటపడింది. ఉత్తర అమెరికాలో ఈ విడత జబ్బు మొదట కనిపించింది అక్కడే. మరుసటేడు కెనడాలో చాలాచోట్ల కోళ్ళ ప్రదర్శనలు ఆపేశారు. షాంతెక్లేర్‌లా కొద్ది మందలే ఉన్న జాతికి ఇది పెద్ద గండం. ఒక దొడ్డి తుడిచిపెట్టుకుపోతే ఒక వంశమే పోయినట్టు. అందుకే గట్టి పెంపకందార్లు తమ మందను ఒక్కచోట పెట్టుకోరు. తెలిసినవాళ్ళకు పుంజుల్నో పొదిగే గుడ్లనో ఇచ్చి నాలుగుచోట్ల పెంచుతారు.

మన దగ్గర అసీల్‌కు విలువకట్టేది పందెం. డేగ, కాకి, నెమలి, సేతువ, మైల, పర్ల అంటూ ఈకల వన్నెనుబట్టి ఇన్ని పేర్లు పెట్టుకున్న జాతి మనది. కుక్కుట శాస్త్రమని వాటికి వారాలూ దిక్కులూ కూడా కట్టుకున్నాం. చట్టం వద్దన్నా సంక్రాంతికి ఆ జ్ఞానమంతా కత్తికట్టే పందెం దగ్గరే ఖర్చవుతుంది. తమిళనాడులోనూ మన వైపునా ఈమధ్య చిలకముక్కు, పొడుగుతోక అసీల్ కోళ్ళకు అందాల పోటీలు పెడుతున్నారని వింటే నాకు నిజంగా సంతోషం కలుగుతుంది. ఆ పోటీలకు ఇంకొక్కటి తోడైతే బాగుంటుంది. కెనడా ప్రదర్శనల్లో ప్రతి రకానికీ నాలుగు తరగతులుంటాయి. ముదురు పుంజు, ముదురు పెట్ట, ఏడాది నిండని పుంజు, ఏడాది నిండని పెట్ట. నాలుగింటికీ వేర్వేరు బహుమతులు. మన పోటీల్లో పేరు పుంజుదే. అసీల్ పెట్ట ఏడాదికి పెట్టేది వందలోపు గుడ్లే. వాటిని తానే పొదిగి, పిల్లల్ని వెంటేసుకుని తిప్పి, గద్దకు ఎదురెళ్ళి కాపాడుతుంది. మంచి పుంజు కావాలంటే ముందు తల్లిని చూడమని మన పెంపకందార్లే అంటారు. ఆ తల్లికి కూడా ఒక పంజరం, ఒక మార్కుల కాగితం, ఒక బహుమతి పెట్టే పోటీ గోదావరి జిల్లాల్లో ఎవరైనా మొదలుపెట్టాలి.